అరటిపండుకి మార్కులు వెయ్యలేదు

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి రైల్వే కంట్రోల్ ఆఫీసు నుంచి. దాని గురించి రాయను. ఖరగ్‌పూర్‌లో రైల్వే కథలు చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, నేను చెప్పకపోతే ఎవరికీ లోటు లేదు. రెండోసారి పోయిన నెలలో. ఎనిమిదేళ్లపాటు బోర్డు గేములు పరీక్షించే పని చేశాను. కొత్తగా తయారైన ఆటని అచ్చుకి వెళ్లకముందే పదేపదే ఆడి, అందులో ఎక్కడ ఏం చెడిందో చెప్పడమే ఆ పని. కళ్లజోడు మార్చినా కార్డుల మీద చిన్న అక్షరాలు కనబడటం లేదని మానేశాను.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మొన్న ఇంటికి వచ్చి "నాలుగు మాటలు చెప్పండి అంకుల్" అన్నారు. నోటితో చెబితే నేను మెయిన్ లైను వదిలి లూప్ లైనులోకి పోతాను. అందుకే రాస్తున్నాను.

ఇవి లూడోలు కావు

ఆటంటే వైకుంఠపాళీ, అష్టాచెమ్మా, లూడో అని నేనూ అనుకునేవాణ్ణి. పాచిక ఎంత చెబితే అంత నడవడం, నిచ్చెన దొరికితే సంతోషం, పాము కరిస్తే ఏడుపు. ఇప్పటి ఆటలు అలా ఉండవు. ఒక ఆటలో మన కూలీలని పనికి పంపాలి. మనవాడు కూర్చున్న చోట ఇంకొకడు కూర్చోకూడదు, కాబట్టి ముందెవరు వెళ్తారన్నదే గొడవంతా. ఇంకో ఆటలో పలకలు పేర్చి ఊరు కట్టాలి. ఇంకోదాంట్లో వేలంపాట. కొన్నిట్లో ఆడేవాళ్లందరూ ఒక జట్టు, వరదో అంటురోగమో అవతలి జట్టు. అదృష్టం కొంచెమే, ఆలోచన ఎక్కువ. ఓడిపోతే పాచిక మీద నెట్టడానికి వీలుండదు, మన తెలివే తక్కువైందని ఒప్పుకోవాలి. పెద్దవాళ్లకి ఇవి ఎందుకు నచ్చవో నాకు అక్కడే అర్థమైంది.

ఊళ్లో మాలంచ పేటలో ఉన్న మా ఇంటి కింద వాటా మురళి అద్దెకి తీసుకున్నాడు. గుంటూరు కుర్రాడు, ఇక్కడి ఇంజినీరింగ్ ఇనిస్టిట్యూట్‌లో చదివి, ఉద్యోగానికి పోకుండా ఇద్దరు ముగ్గురితో ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టాడు. ఒకరోజు నా చేతిలో రూల్సు కాగితం పెట్టి, అర్థమవుతుందో లేదో చూడమన్నాడు. రైల్వే రూల్సు పుస్తకం చదివి చదివి అరిగిపోయిన బుర్ర నాది. పది నిమిషాల్లో తిరిగిచ్చి, "ఆట మొదలవకముందే మూడుచోట్ల యాక్సిడెంటు అయ్యేలా ఉంది బాబూ" అన్నాను. మర్నాటి నుంచి నాకు బాసు వాడే. నాకంటే ముప్పై ఐదేళ్లు చిన్న. ఏ బాసూ నన్ను అంత మర్యాదగా తిట్టలేదు.

చెప్పింది తిరిగి చెప్పించుకోండి

రైల్వేలో నా మొదటి బాసు దగ్గర నేర్చుకున్నది ఒక్కటే ఈ పనికి పనికొచ్చింది. ఫోనులో ఏ ఆర్డరిచ్చినా "ఏం చెప్పాను, తిరిగి చెప్పు" అనేవాడాయన. అవతలివాడు "ఠీక్ హై సార్" అంటే ఒప్పుకునేవాడు కాదు. ఠీక్ హై అన్నవాడికి ఏం అర్థమైందో దేవుడికే తెలియాలని ఆయన బాధ.

ఆటలోనూ అంతే. రూల్సు చదివినవాళ్లని అర్థమైందా అని అడగకండి. అందరూ అయిందంటారు. "సరే, మీ వంతు వస్తే ఏం చేస్తారో చెప్పండి" అనండి. అప్పుడు బయటపడుతుంది. మా దగ్గర ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆట తయారుచేసినవాళ్లు పక్కనే కూర్చోవచ్చు కాని నోరు విప్పకూడదు. దానికి మేము పెట్టుకున్న పేరు "నోటికి తాళం". రేపు ఆ పెట్టె కొనుక్కున్నవాళ్ల ఇంటికి తయారుచేసినవాడు వెళ్లి వివరించడు కదా. నోటికి తాళం పడ్డాక కొందరు గోళ్లు కొరికేవారు, ఒకతను బయటికి వెళ్లి గోడ కేసి చూస్తూ నిలబడేవాడు. వాళ్లని చూస్తే జాలేసేది. అయినా తాళం తియ్యకండి.

నేను చెడగొట్టిన రైలు ఆట

రెండో ఏడు మురళి ఒక రైలు ఆట తెచ్చాడు. పట్టాలు వెయ్యాలి, సరుకు చేరవెయ్యాలి. నాలాంటివాడికి రైలు ఆట ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. అవతలి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాకుండా బండి ఎలా కదులుతుందని పట్టుబట్టాను. ఆ రూలు పెట్టించాను. తర్వాత క్రాసింగు, ఆ తర్వాత ఇంజను మార్పు. నేను చెప్పినవన్నీ నిజమే, రైల్వేలో అలాగే జరుగుతుంది. చివరికి ఒక్కొక్కరి వంతు రావడానికి పావుగంట పట్టేది. మురళి చేతిలో కార్డులు కింద పెట్టి, "అంకుల్, ఇది డ్యూటీ అయింది. ఆట కాలేదండీ" అన్నాడు.

ఆ ఆట మళ్లీ లేవలేదు. తప్పు నాది. మనకి బాగా తెలిసిన విషయం మీద ఆట వస్తే, దాన్ని పరీక్షించే పని ఇంకొకరికి అప్పగించండి. తెలిసినవాడు ఆటని చూడడు, తనకి తెలిసినదాన్ని చూపించుకుంటాడు.

మా జట్టులో హల్దార్ దా అని (దా అంటే వాళ్ల భాషలో అన్న) రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి ఉండేవాడు. ఆయన జబ్బు వేరు. అందరూ కలిసి ఆడే వరద ఆటలో ఎవరి వంతు వచ్చినా ఆయనే ఆడేసేవాడు. "రాజు దా, తుమ్ ఉధర్ జావ్, దీదీ ఇధర్" అంటూ నన్ను అటు, ఇంకొకామెని ఇటు, మనుషులని బస్తాల్లా సర్దేవాడు. ఆ ఆట గెలిచాం. గెలిచినట్టు ఆయన ఒక్కడికే అనిపించింది. దాంతో ఎవరి కార్డులూ ఇంకొకరికి చూపించకూడదన్న రూలు పెట్టాల్సి వచ్చింది. హల్దార్ దా లాంటివాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు కనక, వాళ్లని మీ బల్ల దగ్గర తప్పకుండా పెట్టుకోండి.

ఎవరూ లెక్కపెట్టని నాలుగో మనిషి

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రాయడానికే మిగతాదంతా రాశాను.

సింధూజది కరీంనగర్. ఇనిస్టిట్యూట్‌లో రిసెర్చి చేస్తూ, ఏడాది సెలవు పెట్టి మురళి కంపెనీలో ఆట తయారుచెయ్యడానికి వచ్చింది. ఆ ఏడాదిలో ఆట అచ్చుకి వెళ్తే ఈ పనిలోనే ఉంటానని, లేకపోతే బుద్ధిగా లాబ్‌కి వెళ్లిపోయి మళ్లీ ఈ ఊసెత్తనని తన గైడ్‌కి మాటిచ్చింది. బెంగుళూరులో ఒక పెద్ద ప్రచురణ సంస్థ బయటివాళ్ల ఆటల్లోంచి ఏడాదికి ఒక్కటి తీసుకుంటుంది. ఆ పిల్ల ఆశంతా దాని మీదే.

తను చేసిన ఆట మా ఊరి గోల్‌బజార్ మార్కెట్లో జరిగే చేపల వేలంపాట. తొలిరోజుల్లో కూరకి చేపలు కొనడానికి వెళ్లి, అక్కడి అరుపులు చూసి మనసు పారేసుకుందట. ఆటలో మనమందరం చేపల వ్యాపారులం. మన దగ్గర ఐసు ముక్కలుంటాయి. చేపల బుట్ట వచ్చినప్పుడు ఐసుతోనే పాట పాడాలి. ఎక్కువ ఐసు ఇస్తానన్నవాడిది బుట్ట. కాని చేప కుళ్లకుండా ఉండటానికీ ఆ ఐసే కావాలి. పాటలో అంతా పెట్టేస్తే గెలుచుకున్న చేప చేతిలోనే కుళ్లిపోతుంది. ఎంత అందమైన చిక్కో చూడండి. ఇంకో చిన్న రూలు ఉంది. ఎవరూ పాడని బుట్ట, పాట నుంచి తప్పుకుని కూర్చున్నవాళ్లలో అప్పటిదాకా తక్కువ బుట్టలు కొన్నవాళ్లకి ఊరికే వస్తుంది. దాన్ని ఎండుచేపల గంపలో వేసుకోవచ్చు, ఆట చివర బుట్టకి రెండు మార్కులు. వెనకబడినవాళ్లు మరీ ఉత్తచేతులతో మిగలకూడదని సింధూజ పెట్టిన దయ అది.

ఆ ఆటకి నలుగురు కావాలి. నేను, హల్దార్ దా, మురళి. నాలుగో మనిషి దొరకని రోజుల్లో మా ఆవిడ రత్నాన్ని పిలిచేవాణ్ణి.

"నాకేటొచ్చు ఈ ఆటలు?" అనేది.

"ఊరికే కూర్చోవే. ఆటలో అరటిపండువి."

ఈ మాట తెలియని తెలుగువాళ్లుండరు. చిన్నప్పుడు ఆటలో బుడ్డోళ్లని చేర్చుకుంటాం. వాళ్లు పరిగెడతారు, అరుస్తారు, కాని అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. ఏడవకుండా చేర్చుకున్నామంతే. పెళ్లయి నలభై ఏళ్లయిన ఆడమనిషిని నేను అరటిపండుని చేసి కూర్చోబెట్టాను. ఆవిడ మధ్యలో కుక్కరు దింపడానికి లేచి వెళ్లేది, వచ్చి కూర్చునేది, తన వంతు రాగానే "నాను పాడను" అనేది. మార్కుల కాగితంలో మూడు పేర్లు రాసేవాణ్ణి. నాలుగో గడి ఖాళీ.

పరీక్షలన్నీ అయ్యాయి. లోపమేమీ లేదని నేను సంతకం పెట్టాను. పెట్టె బెంగుళూరు వెళ్లింది.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితాలన్నీ మంచం మీద పరిచి ఫైలు కడుతున్నాను. రత్నం వచ్చి తొంగి చూసింది.

"ఇందల నా పేరేది?"

"నువ్వు అరటిపండువి కదే."

"అరటిపండే గెలిసినాది కదా, కూకున్న పెతిసారీ."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మీరు ముగ్గురూ ఒక్కో సేప కోసం కొట్టుకుని ఐసంతా కరగబెట్టుకుంతారు. మీకు ఐసు అయిపోయినాక బుట్టలు మిగిలిపోతాయి. నాను ఊరికే కూకుంతాను. అయ్యన్నీ నా గంపలోకే. ఎన్నున్నాయో నువ్వెప్పుడైనా లెక్కపెట్టినావేటి?"

ఎప్పుడూ పెట్టలేదు. అప్పటికప్పుడు పాత నమూనా తెచ్చి, మురళి పాటా హల్దార్ దా పాటా కూడా నేనే పాడుతూ ఆవిడతో ఆడాను. ఓడిపోయాను. ఇంకోసారి ఆడాను, ఓడిపోయాను. మూడోసారి నేను కూడా పాడకుండా కూర్చున్నాను. ఇద్దరం ఎండుచేపలు ఏరుకుంటూ కూర్చున్నాం, పాట అన్నదే జరగలేదు. వేలంపాట ఆటలో వేలం పాడనివాడే గెలుస్తాడంటే ఇక ఆటేముంది?

పది రోజులు

ముందు మురళికి చెప్పాను. తల పట్టుకున్నాడు. "బెంగుళూరులో ఎవరండీ అలా చేతులు ముడుచుకుని కూర్చునేది? అందరూ పాడతారు. వదిలెయ్యండి అంకుల్, ఆ అమ్మాయి తట్టుకోలేదు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి ఇంకో రెండు ఆటలు చేతిలో ఉన్నాయి, ఆ పిల్లకి ఒక్కటే ఉంది. ఆ అమ్మాయి మంచికే అనుకున్నాడు. నాకూ ఒక పూట అలాగే అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల కోసం కాదు, నా సంతకం కోసం.

సాయంత్రం సింధూజకి చెప్పాను. మొత్తం విన్నది. ఒక్కటే అడిగింది.

"ఆంటీ మార్కులు ఎందుకు రాయలే అంకుల్?"

"అరటిపండు అనుకున్నానమ్మా."

"మా ఇంట్ల కూడ నన్ను గట్లనే అంటరు, ఈ పని చేస్తున్నప్పటి సంది" అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బెంగుళూరువాళ్లని అడిగితే, పెట్టెని ఒక్కసారి మార్చుకోవచ్చన్నారు. వాళ్ల పరీక్ష తేదీకి పది రోజులుంది. ఆ లోపల కొత్తది చేరకపోతే ఈ ఏడాదికి లేనట్టే. సింధూజకి ఇంకో ఏడాది లేదు.

మొదట ఎండుచేప బుట్టకి ఒకటే మార్కు చేసింది. ఈసారి ఎవరూ గంప జోలికి పోలేదు, ఐసు అయిపోయినవాడు బల్ల దగ్గర కూర్చుని ఆవులించాడు. తర్వాత గంపలో మూడే బుట్టలు పడతాయని రూలు పెట్టింది. రత్నం మూడూ నింపుకుని, మిగిల్చిన ఐసంతా ఆఖర్లో ఒక్కసారి కుమ్మరించి అప్పుడూ గెలిచింది. నాలుగు రోజులు అలా పోయాయి. ఐదో రోజు సింధూజ కాగితాలన్నీ పక్కకి తోసి, రత్నం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆంటీ, ఎండుచేప సంగతి నాకు ఏం తెల్వదు. మా దిక్కు సముద్రమే లేదు. మీరే చెప్పుండ్రి."

రత్నం అమ్మమ్మగారిది కళింగపట్నం వైపు ఒడ్డు మీద ఊరు. నలభై ఏళ్లలో నేను ఎండుచేపలు తిన్నానే కాని, అవెలా ఎండుతాయని ఆవిడని అడిగినవాణ్ణి కాదు.

"సేప ఊరికే ఎండిపోద్దేటి తల్లీ? ఊరికే వొస్తాదని రాసినావు, అక్కడే తప్పు. సాప గావాల, ఎండ గావాల. ఒడ్డు మీద సాప పరిసే జాగా కోసమే సిగపట్లు మాకు. తీరా పరిసినాక వాన పడిందా, పురుగే. అంతా పారబొయ్యడమే."

సింధూజ రాసుకుంటూనే ఉంది. ఆ రాత్రికే ఆటలో నాలుగు చాపలు వచ్చాయి. నలుగురికీ కలిపి నాలుగే. బుట్టని ఎండబెట్టాలంటే చాప పట్టుకోవాలి, చాప కావాలంటే ఆ వంతుకి పాట వదులుకోవాలి. కార్డుల్లో మూడు వాన కార్డులు కలిపింది. బుట్ట ఆట చివరిదాకా చాప మీదే ఉండాలి, వాన వస్తే చాప మీద ఉన్నదంతా పోతుంది. ఊరికే అన్న మాట రూల్సులోంచి తీసేసింది.

ఎనిమిదో రోజు

పెట్టె మర్నాడు పార్సిల్లో వెళ్లాలి. ఆడటానికి ఇంక ఒక్క పరీక్షే మిగిలింది. అందరికీ విషయం తెలుసు. రత్నం మళ్లీ గెలిస్తే ఆట బాగుపడనట్టే.

"నాను కావాలని ఓడిపోవాలేటి?" అని అడిగింది ఆవిడ, కూర్చునే ముందు.

"వద్దు ఆంటీ. గెలవాలనే ఆడుండ్రి. లేకపోతే నాకు తెల్వదు, ఆట మంచిగయిందో లేదో" అంది సింధూజ. అని నోటికి తాళం వేసుకుని గోడ పక్కన కూర్చుంది.

నేను కాగితం మీద నాలుగు పేర్లు రాశాను. రత్నం ఆ రోజు కుక్కరు పెట్టలేదు. మొదటి రెండు వంతుల్లోనే రెండు చాపలు పట్టేసింది. మురళి ఒకటి పట్టుకున్నాడు. హల్దార్ దా నాలుగోదాని మీద చెయ్యి వెయ్యబోతే "దాదా, ఇప్పుడు నా వంతు" అని ఆపి అదీ తీసుకుంది. సగం ఆట అయ్యేసరికి మూడు చాపల నిండా చేపలు. సింధూజ ముఖంలో రక్తం లేదు. నేను ఆ పిల్ల వైపు చూడటం మానేశాను.

ఆఖరుకి ముందు వంతులో వాన కార్డు పడింది.

రత్నం మూడు చాపలూ తనే ఖాళీ చేసింది, ఒక్కొక్క బుట్టే తీసి పక్కన పెట్టింది. ఆఖరి వంతు కూడా అయింది. మార్కులు కూడాం. మురళికి ముప్పై ఒకటి, నాకు ఇరవై ఎనిమిది, హల్దార్ దాకి ఇరవై ఆరు. సింధూజ లేచి వరండాలోకి వెళ్లిపోయింది. ఏడుస్తోందని మాకు వినబడుతూనే ఉంది. ఆ పెట్టె మర్నాడు వెళ్లింది, బెంగుళూరువాళ్లు దాన్నే తీసుకున్నారు, ఆ పిల్ల ఇప్పటికీ ఈ పనిలోనే ఉంది. ఆ సంగతులన్నీ తర్వాతవి.

నాలుగో గడిలో నేను పంతొమ్మిది అని రాశాను. రత్నం కాగితం అందుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఆఖరు నానేనా?"

"నువ్వే."

హల్దార్ దాకి మనసొప్పలేదు. "అరే బౌదీ, బారిష్ కా క్యా భరోసా. వానని ఎవరు నమ్ముతారు వదినా, మీరు గెలిచినట్టే" అన్నాడు.

"ఏటి దాదా గెలిసినట్టు? నాను ఓడిపోనాను, రాసుంది కదా" అంది రత్నం. కాగితం నా చేతికిచ్చి, చీర కొంగు దోపుకుని, చాపలన్నీ తనే మధ్యలోకి సర్దింది. "మల్లీ పరవండి. ఈపాలి అన్ని సాపలూ ఒక్కపాలే పట్టుకోను."